తేయాకు కొండ మీద తెల్లచీర

మా మేనత్త పోయిందన్న కబురు నాకు కామారెడ్డి స్టేషన్లో, పార్సిల్ గదిలో, బెల్లం బుట్టలకు చీటీలు అంటిస్తుండగా అందింది. ఆమె ఊరు ఎల్లారెడ్డి నుంచి వచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"మీ అత్త పొద్దుగాల పోయింది. బిరాన రమ్మన్నరు. వచ్చేటప్పుడు ఫోటో తీసేటాయనను గూడ తోలుకొని రమ్మన్నరు."

మొదటి మాటకు చేతిలోని చీటీ జారిపోయింది. రెండో మాటకు ఒళ్లు మండింది. చావు కబురు వింటూ కోపం తెచ్చుకున్నవాణ్ని నేనొక్కణ్నేనేమో. కానీ ఆమె సంగతి తెలిస్తే మీకూ కోపం వస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మా అత్త గురించి రాయాలంటే కొంత కొట్లాట కూడా రాయక తప్పదు.

మా అత్త ఫోటోలు తీసేది. మా దిక్కు ఆ పని చేసే ఆడమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అసలు ఆ పని మా మామది. టేకు చెక్క డబ్బా, మూడు కాళ్ల మంచె, నల్లగుడ్డ, ఇత్తడి అంచు అద్దం, దానికొక తోలు మూత. పెండ్లిళ్లకూ, దొరల గడీలకూ పిలిస్తే పోయేవాడు. ఊరందరి ఫోటోలూ తీసిన ఆ మనిషి పెళ్లాం ఫోటో ఒక్కటీ తీయలేదు. బతికున్నవాళ్లను ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు ఒక నమ్మకం. ఇతరుల ఆయుష్షు సంగతి ఆయన పట్టించుకోలేదు గానీ, ఆమె ఆయుష్షు విషయంలో మాత్రం భయపడ్డాడు. తీరా చూస్తే, ఆమెకు ముప్పై నిండకముందే జ్వరంతో తనే పోయాడు.

మామకు అన్న ఒకాయన ఉన్నాడు. ఆ ఇంటికి పెద్ద. నేను పెద్దమామ అంటాను. పదకొండో రోజు కాగానే ఆయన డబ్బాను అమ్మేద్దామన్నాడు.

"దున్నేటోడు పోతె నాగలిని పొయ్యిల పెడ్తరా బావా?" అంది మా అత్త. "ఆయన చేసేటప్పుడు పక్కన నిలవడ్డది నేనే గద. మందు నీళ్లు కలిపింది నేనే. నేను దీస్త."

తీసింది. కాకపోతే తెల్లచీర కట్టిన మనిషిని పెండ్లికి ఎవరు పిలుస్తారు? బారసాలకు ఎవరు రమ్మంటారు? ఆమెను చావులకు మాత్రమే పిలిచారు. "శుభకార్యానికి నా మొకం పనికిరాదట. సావుకు మంచిగ పనికొస్తది" అని నవ్వేది. ఆ నవ్వులో ఏడుపు ఉందేమోనని నేను చాలాసార్లు వెతికాను. నాకైతే దొరకలేదు.

ఈ సంగతి తెలియని దూరప్రాంతపు చదువరులకు ఒక మాట చెప్పాలి. మా వైపు బతికుండగా ఫోటో తీయించుకోని మనిషికి పోయాక ఒకటి తీయిస్తారు. స్నానం చేయించి, ఉన్నవాటిలో మంచి బట్ట కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి తీస్తారు. రేపు పిల్లలకు చూపడానికి గోడ మీద ఒక ముఖం ఉండాలి గదా. మా అత్త తన కుర్చీ తనే బండిలో వేసుకుని పోయేది. ఎత్తు వీపు కుర్చీ. నడుముకు కట్టే పట్టీ ఒకటి, గదుమ కింద కట్టే పట్టీ ఒకటి. ఆ కుర్చీ రాజంపేట చూసింది, బీబీపేట చూసింది, మూడు భాషలు కలిసే బిచ్కుంద దాకా పోయింది. బిచ్కుందకు పోయి పోయి ఆమెకు నాలుగు మరాఠీ మాటలు, పది కన్నడ మాటలు వచ్చాయి. అన్నీ చావుమాటలే, కూర్చోండి, ఏడవకండి, కాస్త జరగండి లాంటివి.

ఒకసారి సెలవు దొరికి నేనూ బీబీపేటకు వెంట పోయాను. ముసలాయన కుర్చీలో ఉన్నాడు. అత్త ఆయన పంచె కుచ్చిళ్లు సర్ది, చెవి దగ్గర వంగి, "జర సేపే బాపూ, అయిపోతది" అంది, ఆయన వింటున్నట్టే. నల్లగుడ్డలో తల దూర్చింది. బయటికి వచ్చి, మూత తీసి, పెదవులు కదపకుండా పది లెక్కబెట్టి, మూత పెట్టింది. ఎప్పుడూ పదే. వెలుతురు బాగుంటే అద్దం ముందరి కన్నాన్ని చిన్నది చేసేది గానీ పది మాత్రం తగ్గించేది కాదు. ఆ పదీ ఆ మనిషికి తానిచ్చే మర్యాద అని ఆమె లెక్క.

ఫోటో అయ్యాక ముసలాయన కొడుకు, కాగితం మీద కండ్లు తెరిచినట్టు కుంచెతో గీసివ్వమన్నాడు. ఇతర ఫోటో వాళ్లు గీస్తారు.

"నేను గియ్య" అంది అత్త.

"పైసలు ఎక్కువిస్తనమ్మా."

"మీ బాపు మూసుకున్నడు. మూసుకోనియ్యి కొడుకా. ఇన్నేండ్లు తెరిచి చూసిండు గద, సాలదా?"

 తిరిగి వచ్చేటప్పుడు బండిలో నాతో అంది. "నా పని మస్తు సులువు అల్లుడా. నేను తీసేటోళ్లు కదలరు, తొందరపెట్టరు, మంచిగ రాలేదని కొట్లాడరు." కాసేపటికి, "కాని సచ్చినోళ్ల మొకాలు చూసి చూసి కండ్లు ఎండిపోయినయ్. పచ్చగ ఏమన్న ఒకటి చూడాలె" అంది.

ఆ పచ్చది ఎల్లారెడ్డి అంగడికి తనే నడిచి వచ్చింది. అప్పట్లో ఊళ్లకు చాయ అలవాటు చేయడానికి బండ్లు తిరిగేవి. పెద్ద రాగి పాత్రలో చాయ కాచి, అడిగినవాళ్లకల్లా ఊరికే పోసేవాళ్లు. ఊరికే వస్తే ఎవరు వద్దంటారు, జనం రెండేసి సార్లు తాగి, బాగాలేదని చెప్పి పోయేవాళ్లు. ఆ బండికి ఒక రంగుల కాగితం వేలాడేది. దాని మీద కొండలు, కొండల నిండా వరసలు వరసలుగా పచ్చని పొదలు. మనుషులు లేరు. అత్త చాయ తాగలేదు. ఆ కాగితం ముందు నిలబడిపోయింది.

పెద్దమామ అక్కడే ఉన్నాడు. "కొండకు దువ్వెనతోని దువ్వినట్టు యాడన్న ఉంటదా? బొమ్మ గీసినోని అబద్ధం" అన్నాడు.

అత్త బండి మనిషిని అడిగింది. "గీ కొండ నిజంగ ఉన్నదా అన్నా?"

"ఉందమ్మా. నీలగిరిలో, కూనూరు దగ్గర. రైలు పోతుంది."

"నువ్వు చూసినవా?"

అతను పాత్ర మూత సర్దుకుంటూ, "లేదమ్మా" అన్నాడు.

"చూడకుంటనే ఊరూరికి చెప్తున్నవా? అయితె నేనన్న చూసొస్త."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ వారమే నాకు కబురు పంపింది, కూనూరుకు ఎన్ని రైళ్లు మారాలో కనుక్కోమని. ఆ వెనకే పెద్దమామ కబురు పంపాడు, ఆమెను మాన్పించమని. స్టేషన్లో పనిచేసేవాడికి ఇలాంటి కబుర్లు ఎదురెదురు రైళ్లలా వస్తుంటాయి.

నేను పోయింది మాన్పించడానికే. దాపరికమెందుకు. ఇంట్లో పెద్దమామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్త గడపలో కూర్చుని గాజుపలకలు తుడుస్తోంది.

"కాశికి పోత అను, నేనే తోలిస్త. రామేశ్వరం పోత అను, ఊరంత సాగనంపుతది. కొండ చూస్తందుకు పోవుడేంది? ముండమోసిన మనిషికి షోకా?" అన్నాడు ఆయన.

"షోకే బావా. ఏమైతది? దేవుని కోసం పోతె పుణ్యం, కండ్ల కోసం పోతె పాపమా? కండ్లు ఇచ్చింది గాయనే గద."

"నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురి ఇండ్లల్ల సావులకు నేనే పోయిన. నాకు ఎర్కలేని ఇజ్జత్ ఎవ్వలింట్ల ఉన్నది?"

నేను మధ్యలో దూరి తెలివి చూపించాను. "అత్తా, పోయేది కొండకే. పేరుకు మాత్రం రామేశ్వరమని చెప్పు. గొడవ ఉండదు."

ఆమె చేతిలోని పలక పక్కన పెట్టింది. నన్ను ఆమె అంత కోపంగా చూడటం అదే మొదలు. "దేవుని పేరు అడ్డం పెట్టుకొని దొంగతనంగ నేను పోను. పోతె కొండకు పోతున్న అని చెప్పే పోత. నువ్వు వస్తె రా, లేకుంటె నా డబ్బా నేను మోసుకుంట."

మాన్పించడానికి పోయినవాణ్ని వెంట పోవడానికి ఒప్పుకుని వచ్చాను. అయితే వచ్చేముందు ఒక వెధవ పని చేశాను. అరుగు దిగుతూ పెద్దమామ చెవిలో, "మామా, రామేశ్వరమే పోతున్నం. ఆమె ఊరికె పంతానికి అంటున్నది" అని చెప్పాను. ఇంట్లో శాంతి కోసం అబద్ధమాడితే తప్పులేదని నాకు అప్పట్లో ఒక నమ్మకం ఉండేది.

సికింద్రాబాదు, కాజీపేట, బెజవాడ, మద్రాసు, అక్కడి నుంచి కొండ మొదలు, ఆపైన రంపపు పళ్ల పట్టా పట్టుకుని పాకే చిన్న రైలు. దారి పొడుగునా అత్త డబ్బాను ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. ఆరే గాజుపలకలు తెచ్చింది. అవి పగలకుండా బియ్యంలో పాతిపెట్టింది. సత్రంలో వంటకు ఆ బియ్యమే తీస్తుంటే ప్రతిపూటా పలకల మీది మెత్త తగ్గిపోతుందని దిగులుపడేది. చివరి పూటలు అరటిపండ్లతో గడిపాము.

కూనూరు సత్రం నుంచి పొద్దున్నే నడిచాము. మంచె నా భుజాన, డబ్బా ఆమె నెత్తిన. ఒక మలుపు తిరిగేసరికి కొండ మొత్తం కనబడింది. ఆ కాగితంలో ఉన్నట్టే ఉంది, అంతకంటే ఎక్కువగా ఉంది. లోయ దాకా వరసలు, లోయ అవతల మళ్లీ వరసలు, వాటి మీద మంచు తెరలు జరుగుతున్నాయి. అత్త డబ్బా దించి కింద పెట్టింది.  కండ్ల నీళ్లు చెంగుతో తుడుచుకుంది. 

"అబద్ధం కాదు బిడ్డా. నిజంగనే దువ్విండ్రు" అంది చివరికి. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "కాని దువ్వినోళ్లు ఆ కాయితం మీద లేరు. సూడు, గీడ ఉన్నరు" అంది.

వరసల మధ్య ఆడవాళ్లు. వీపున బుట్టలు, నెత్తిన గోనెగుడ్డలు. రెండు చేతులూ పొదల మీద పిట్టల్లా ఆడుతున్నాయి. ఆగడం లేదు.

తోటలో లెక్కలు చూసే ఒక గుమాస్తా మాకు ఎదురొచ్చాడు. మద్రాసు వైపు తెలుగువాడు, మర్యాదస్థుడు. ఫోటో డబ్బా చూడగానే అతనికి విషయం అర్థమైంది.

"తీసుకోండమ్మా. ఇక్కడికి చాలామంది వస్తుంటారు, దృశ్యం తీసుకుపోతారు. ఉండండి, కూలీలను పక్కకు జరిపిస్తాను. అడ్డం రారు."

"జరుపకు అయ్యా," అంది అత్త. "మనుషులు లేని కొండ నాకెందుకు? మా ఊరి పక్కన గుట్టలు లెవ్వా?"

"దృశ్యం పాడవుతుందమ్మా."

"పాడైతె నా పలకే గద పాడయ్యేది."

అతను తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. అత్త పొదల మధ్యకు దిగింది. ఆ ఆడవాళ్లలో కొందరు మైసూరు వైపువాళ్లు, కన్నడం మాట్లాడుతున్నారు. బిచ్కుందలో నేర్చుకున్న పది మాటలూ అత్త అక్కడ ఖర్చుపెట్టింది. కూర్చోండి, ఏడవకండి, కాస్త జరగండి అని ఒక తెల్లచీర మనిషి వచ్చి చెబుతుంటే వాళ్లు మొదట నిర్ఘాంతపోయి, తర్వాత పడీ పడీ నవ్వారు. ఒకామె అత్త చెయ్యి పట్టుకుని వేళ్లు చూసింది. ఫోటో మందుకు అత్త వేళ్ల కొసలు నల్లగా మాడినట్టుంటాయి. ఆమె తన వేళ్లు చూపించింది. తేయాకు పసరుకు అవీ నల్లగానే ఉన్నాయి. ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఆ తర్వాత కన్నడం ఎంత వచ్చు అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

మంచె నిలబెట్టి, నల్లగుడ్డలోంచి చూసి, పది లెక్కబెట్టే దాకా కదలకుండా నిలబడమని అత్త సైగ చేసింది. వాళ్లు నిలబడ్డారు. మూత తీసిందో లేదో పై వరస నుంచి మేస్త్రి కేక పెట్టాడు. ఆడవాళ్లు గబుక్కున వంగి ఆకు కోయడం మొదలుపెట్టారు. అత్త పది దాకా లెక్కబెట్టి గానీ మూత పెట్టలేదు. ఇంకో వరసకు పోయింది. అక్కడా అంతే. వాళ్లు ఆగబోవడం, మేస్త్రి అరవడం, వాళ్లు కదలడం, ఈమె పది లెక్కబెట్టడం. మూడోసారికి మేస్త్రి దిగి వచ్చి అత్త ముందు నిలబడ్డాడు. వాడు అరవంలో ఏదో అన్నాడు. ఈమె తెలుగులో, "వాండ్లను ఆపకు అంటున్నవా? సరె, ఆపను. కోసుకుంటనే ఉండమను. నేను దీసుకుంటనే ఉంట" అంది. భాష తెలియకపోయినా గొంతు తెలుస్తుంది. వాడు ఆమెను వదిలేసి పైకి పోయాడు.

ఐదు పలకలు అయిపోయాయి. ఆరోది అత్త మంచు విడిచాక కొండను తీయడానికి దాచింది. అప్పుడు ఆ నల్లవేళ్ల ఆమె, అత్తను చూపించి, డబ్బాను చూపించి, ఏదో అడిగింది. నీ బొమ్మ ఎవరు తీస్తారు అని. అత్త నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. పదిహేనేళ్లు ఇతరుల ముందు మూత తీసిన మనిషికి ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. నేను కూడా వేయలేదు.

దాచిన ఆరో పలకకు అత్తనే ఒక బండ మీద కూర్చోబెట్టాము. అత్తే నాకు అన్నీ సరిచేసి ఇచ్చింది. "మూత తియ్యి, పది లెక్కవెట్టు, మూత పెట్టు. గంతే."

"కదలకు అత్తా" అన్నాను.

మూత తీశాను. మూడు దాకా ఆమె రాయిలా కూర్చుంది. నాలుగు దగ్గర ఆమె వెనక ఎక్కడో మంచు విడిపోయి, లోయ అవతలి కొండ మీద ఎండ పడింది. ఆ వెలుగు మా ముఖాల మీద చూసిందో ఏమో, ఆమె వెనక్కి తిరిగింది. లేచింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పొదల మధ్య నుంచి పైకి నడిచింది. నాకేం చేయాలో తోచక పది దాకా లెక్కబెట్టాను.

"పలక పాడైంది" అన్నాను, ఆమె దిగి వచ్చాక.

"కొండకు ఎండొస్తుంటె నన్ను కదలకు అంటవా? కదలనోళ్లను నేను మస్తుమందిని చూసిన" అంది. ఆమె ముఖం అలా వెలగడం నేను మళ్లీ చూడలేదు.

తిరిగి కామారెడ్డిలో దిగాక, స్టేషన్ పొయ్యి మీద తోట నుంచి తెచ్చిన ఆకు వేసి చాయ కాచి, ఇత్తడి చెంబులో పోసి, మూత కట్టి వెంట పెట్టుకుంది. ఊళ్లో అందరికీ రుచి చూపిస్తానంది. ఎల్లారెడ్డి పొలిమేర దగ్గర మాకు డప్పుల చప్పుడు వినబడింది.  రామేశ్వరం పోయి వచ్చిన మనిషికి ఎదురుకోలు. పెద్దమామ ముందు, కొబ్బరికాయ పట్టుకుని ఒకడు, వెనక ఊళ్లో సగం. అత్త బండి దిగి, డప్పులను చూసి, నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైంది.

"బావా, ఇది తీర్థం కాదు" అంటూనే ఉంది. డప్పుల హోరులో ఎవరికి వినబడుతుంది. పెద్దమామ చెంబు చూసి భక్తిగా దోసిలి పట్టాడు. కండ్లు మూసుకున్నాడు. పట్టిన దోసిలి కాదనలేక ఆమె పోసింది. ఆయన తాగి, మిగిలిన తడి నెత్తికి రాసుకుని, ముఖం చిట్లించాడు.

"చేదుగున్నదేంది?"

"చాయ బావా. మేం రామేశ్వరం పోలే. చాయ కొండకు పోయినం. చెప్పే పోయిన గద."

డప్పులు ఆగిపోయాయి. పెద్దమామ నెత్తి మీది తడి నుదుటికి కారింది. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు మా అత్త పక్కింటి అవ్వ, బీడీలు చుట్టి బతికే మనిషి, జనంలోంచి వచ్చి దోసిలి పట్టింది. "నాకు పొయ్యి బిడ్డా. నువ్వు ఏ కొండకు పోయినా గంత దూరం పోయొచ్చినవు గద" అంది. తాగి, చేతులు కండ్లకద్దుకుంది. ఆమె వెనక ఇంకో నలుగురు దోసిళ్లు పట్టారు.

పెద్దమామ ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడలేదు. ఆమెను ఏ చావుకూ పిలవొద్దని కులంలో చెప్పించాడు. అంటే ఆమె నోటి దగ్గర కూడు తీశాడు. ఆ అబద్ధం నాది, శిక్ష ఆమెది. నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు భయపడ్డవు. భయపడ్డోన్ని ఏమంటం" అంది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే తిట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

పలకలు కడిగింది. నేనూ, అవ్వా గుమ్మంలో కాచుకుని ఉన్నాము. కాగితాలు ఆరాక చూస్తే, కొండలు చెక్కినట్టు వచ్చాయి. పొదలు ఆకు ఆకూ కనబడుతోంది. మనుషులు మాత్రం లేరు. వాళ్లు ఉన్నచోట పొగలా, తెల్లటి గీతల్లా మరకలు. చచ్చినవాళ్లకిచ్చిన పది లెక్కను ఆమె బతికున్నవాళ్లకూ ఇచ్చింది. వాళ్లు కదిలారు. అన్నేళ్ల చేతి అలవాటు, పదికి ముందే మూత పెట్టాలన్న ఆలోచనే రాలేదు. ఊళ్లో నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. ఆ కొండకు దయ్యాలు పట్టాయన్నారు.

నాలుగు రోజులు ఆమె సరిగ్గా తినలేదు. ఐదో రోజు నేను, "మళ్లా పోదాం అత్తా, సరిగ తీద్దాం" అన్నాను.

"ఎందుకు? సరిగనే వచ్చినయ్" అంది. కాగితం చేతికిచ్చింది. "వాండ్లను నిలవడనియ్యలే. నిలవడనట్టే వచ్చిండ్రు. ఫోటో అబద్ధం చెప్పలే. చెప్పింది మనమే."

దాన్ని పటం కట్టించి అరుగు మీదే వేలాడదీసింది, పెద్దమామకు రోజూ కనబడేలా. ఆ తర్వాత ఆమె చుట్టుపక్కల బతికున్నవాళ్లను తీయడం మొదలుపెట్టింది. బీడీలు చుట్టే ఆడవాళ్లను, తునికాకు మోపులు ఎత్తేవాళ్లను. పని ఆపొద్దనేది. ముఖం నిలిచి చేతులు కదిలిన ఫోటోలు, చేతులు నిలిచి ముఖం కదిలిన ఫోటోలు. కొనేవాళ్లు లేరు. ఆయుష్షు తగ్గుతుందని భయపడ్డవాళ్లకు, "కదులుకుంట ఉండుండ్రి, ఏంగాదు" అని చెప్పేది. కొన్నాళ్లకు చావులకూ మళ్లీ పిలిచారు. చావు కులపెద్ద మాట వినదు గదా. పోయేది, పది లెక్కబెట్టేది, వచ్చేది. ఈ ప్రపంచ యుద్ధం వచ్చి పలకలు దొరకకుండా పోయాక డబ్బాను తుడిచి మూల పెట్టింది. అప్పుడే నాతో అంది.

"నేను పోతె నన్ను ఆ కుర్చీల కూసోవెట్టద్దు అల్లుడా. ఎవ్వల్ని తేవద్దు. పట్టీలు కట్టి కూసోవెడితె కూసునేదాన్నయితె, గన్నేండ్లు గిట్ల బతుకుదునా?"

సరేనన్నాను. అందుకే ఆ మనిషి ఫోటో తీసేటాయనను తెమ్మంటే నాకు ఒళ్లు మండింది. ఒంటరిగా పోయాను.

పోయేసరికి ఆమెకు స్నానం చేయించి అరుగు మీద కూర్చోబెట్టేశారు. ఆమె కుర్చీలోనే. నడుముకు పట్టీ, గదుమకు పట్టీ. ముసలివాడైపోయిన పెద్దమామ మంచం మీద నుంచి అడిగాడు.

"ఫోటో ఆయన ఏడి?"

"తీసుకురాలే మామా. వద్దన్నది."

"వద్దంటె? గోడ మీద మొకం లేకుంట పోవుడా? మన ఇంటి ఇజ్జత్ ఏమైతది? కామారెడ్డికి ఇంకో మనిషిని తోలుతున్న. గప్పటిదాంక ఎవ్వలు ముట్టద్దు."

అరుగు నిండా చుట్టాలు. అందరూ నన్నే చూస్తున్నారు. ఒకప్పుడు ఇదే అరుగు దిగుతూ నేను ఆయన చెవిలో అబద్ధం చెప్పాను. ఈసారి అందరికీ వినబడేలా, "నేను ముడుతున్న మామా" అన్నాను. గదుమ పట్టీ విప్పాను. ముడి రాలేదు. బీడీల అవ్వ వచ్చి తల పట్టుకుంది. ఇద్దరం కలిసి నడుము పట్టీ విప్పి, ఆమెను చాప మీద పడుకోబెట్టాము. కుర్చీని తీసుకుపోయి దొడ్లో కట్టెల మీద వేశాను. పెద్దమామ అటు తిరిగి పడుకున్నాడు.

పదకొండో రోజు పీట మీద పటంగా ఏం పెడతావని అందరూ అడిగారు. అత్త చాయ డబ్బాలో దాచిపెట్టుకున్న ఆరో ఫోటో తీసి, పటం కట్టించి పెట్టాను. కొండ, పొదలు, ఒక బండ. బండ మీద నుంచి పైకి సాగిన ఒక తెల్లటి చార. పెద్దమామ పటం దగ్గరగా తెప్పించుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్ల మనిషేది?"

నేను జవాబు చెప్పేలోగా అవ్వ పక్కన చతికిలబడి, పొగాకు మరకల వేలు అద్దం మీద పెట్టింది.

"గీడ కూసున్నది," అంది బండ మీద వేలు ఆనించి. "గీడ లేసింది. అగో, గిట్ల పోతున్నది సూడు." వేలు తెల్లచార వెంట పొదల మధ్య నుంచి పైకి, కొండ అంచు దాకా పోయి ఆగింది.

పెద్దమామ ఆ వేలు వెంటే చూశాడు. పటాన్ని పీట మీద తనే పెట్టాడు.

అవ్వ వేలు జరిగిన దారి పొడుగునా అద్దం మీద ఒక సన్నని పొగాకు గీత పడింది, బండ నుంచి కొండ అంచు దాకా. పటం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అద్దం మీది దుమ్ము నేనే తుడుస్తుంటాను. ఆ గీతను మాత్రం తుడవను.